అధిక వోల్టేజిని కొలిచే విధం

హైదరాబాదు నుండి నాగపూర్‌కు వెళ్లే 44వ జాతీయ రహదారిపై మెదక్ జిల్లా తూప్రాన్ పట్టణం ఉన్నది. ఆ చుట్టుపక్కల పల్లెలలో ఎందరో రైతులకు బోరుబావులే ఆధారం. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. అయితే కరెంటు ఉండటం వేరు, దాని వోల్టేజి నిలకడగా ఉండటం వేరు.

వోల్టేజి తగ్గినప్పుడు, అదే నీటిని తోడవలసిన మోటారు ఎక్కువ కరెంటును తీసుకుంటుంది. కరెంటు రెట్టింపైతే తీగచుట్టలో వేడి నాలుగు రెట్లవుతుంది. మోటారు కాలిపోతే పైరు ఎండుతుంది. ఏ వేళలో వోల్టేజి పడిపోతున్నదో తెలియాలంటే దానిని రేయింబవళ్లు కొలిచి నమోదు చేయాలి. ఈ పని చేసేదే దత్తాంశ సేకరణ పరికరం.

మూడు ఫేజుల మోటారుకు అందవలసినది 415 వోల్టులు. ఇది వర్గ మధ్యమ మూల విలువ మాత్రమే. తరంగ శిఖరం దాదాపు 587 వోల్టులకు చేరుతుంది. సాధారణ దత్తాంశ సేకరణ కార్డు ధన, రుణ దిశలలో 10 వోల్టుల వరకే కొలుస్తుంది. కనుక ముందుగా వోల్టేజిని తగ్గించాలి. నిరోధాల విభాజకంతో నూరవ వంతుకు తగ్గిస్తే శిఖరం 5.87 వోల్టులవుతుంది, హెచ్చుతగ్గులకు చోటు మిగులుతుంది. 11,000 వోల్టుల లైనుపై పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ విలువను 110 వోల్టులకు దించుతుంది. ఆ లైను జోలికి శిక్షణ పొందిన సిబ్బంది తప్ప ఇతరులు వెళ్లరాదు.

విభాజకం ఒక్కటే చాలదు. అందులోని కింది నిరోధం తెగితే పూర్తి వోల్టేజి కార్డుకు, దాని నుండి కంప్యూటరును తాకిన చేతికి చేరవచ్చు. అందుచేత కాంతి ద్వారా గాని, అయస్కాంత క్షేత్రం ద్వారా గాని సంకేతాన్ని దాటించి, రెండు వలయాలను వేరుచేసే పరికరాన్నే ఎన్నుకోవాలి.

16 బిట్ల కార్డు తన పరిధిని 65,536 మెట్లుగా విభజిస్తుంది. పైన చెప్పిన విభాజకంతో ఒక్కొక్క మెట్టు లైనుపై సుమారు 0.03 వోల్టులకు సమానం. కాని విభాజకపు నిరోధంలో నూటికి ఒక వంతు తేడా ఉన్నా కొలత 4 వోల్టులు తప్పుతుంది. కార్డు ఎంత సూక్ష్మమైనదైనా ఈ లోపాన్ని సరిదిద్దలేదు.

కాబట్టి కొనేవారు ధర కంటే ముందు శిఖర విలువను, రక్షణను, విభాజకపు కచ్చితత్వాన్ని చూడాలి. నమ్మదగిన నమోదు ఉంటే లోపం మోటారుదో, సరఫరాదో తేలుతుంది. అప్పుడు కాలిన మోటారుకు పదే పదే వైండింగ్ చేయించే ఖర్చు రైతుకు తప్పుతుంది.