చెప్పడానికి మాట ఉండాలి: బడిలో వ్యక్తిగత భద్రతా పాఠం ఎందుకు?

బాలలపై లైంగిక నేరాలను అరికట్టేందుకు ఉద్దేశించిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లలోపు వారందరికీ ఇది రక్షణ కల్పిస్తుంది. అయితే చట్టం కదలాలంటే జరిగిన విషయం ముందుగా ఎవరికో ఒకరికి తెలియాలి. అందుకు చిన్నారి నోరు విప్పి చెప్పగలగాలి. ఆ శక్తిని అలవరచడమే పాఠశాలల్లో బోధించే వ్యక్తిగత భద్రతా పాఠాల ప్రధానోద్దేశం.

మౌనం వెనుక

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఈ అవసరాన్ని స్పష్టం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది బాలలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు తెలిపారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, లేదా వారి బాగోగులు చూడవలసిన స్థానంలో ఉన్నవారే. ఎక్కువ మంది పిల్లలు ఆ సంగతిని ఎవరికీ చెప్పలేదు. కొత్తవారితో మాట్లాడవద్దన్న హెచ్చరిక ఒక్కటే చాలదనడానికి ఇదే కారణం.

ఈ మౌనానికి భయం, సిగ్గుతో పాటు భాష కూడా కారణమే. తెలుగు ఇళ్లలో పసిబిడ్డకు కన్ను, ముక్కు, చెవి చూపించి పేర్లు నేర్పుతారు. లోదుస్తులు కప్పే భాగాల దగ్గరకు వచ్చేసరికి ‘ఛీ’ అనో, ‘షేమ్ షేమ్’ అనో దాటవేస్తారు. మర్యాదగా వాడే ‘మర్మాంగం’ అనే పదంలోనూ రహస్యమన్న అర్థమే ఉంది. పేరెత్తడమే తప్పని నేర్చుకున్న బిడ్డ, అక్కడ జరిగిన అన్యాయాన్ని ఏ మాటతో చెబుతుంది? ‘ఆ మావయ్య నాకు నచ్చడు’ అంటే పెద్దలు మారాం అనుకుంటారు. శరీరభాగాన్ని పేరుతో చెబితే వెంటనే అప్రమత్తమవుతారు.

చట్టం కూడా భాషకు ప్రాధాన్యమిచ్చింది. బిడ్డ చేసిన ఫిర్యాదును ఆ బిడ్డకు అర్థమయ్యే సరళమైన భాషలో నమోదు చేయాలని, అవసరమైతే అనువాదకుల సాయం కల్పించాలని పోక్సో 19వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

ఏం నేర్పుతారు?

వ్యక్తిగత భద్రతపై వయసుకు తగిన పాఠ్యసామగ్రిని ప్రభుత్వాలు రూపొందించాలని 2020 మార్చిలో వెలువడిన పోక్సో నిబంధనలు పేర్కొన్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. అందులోని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం, పరస్పర సంబంధాలు, హింస నుంచి భద్రత, ఇంటర్నెట్ సురక్షిత వినియోగం ఉన్నాయి. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ప్రమాదకర పరిస్థితిని గుర్తించి సాయం కోరడాన్ని ఒక సామర్థ్యంగా పేర్కొంది.

చిన్న తరగతుల్లో పాఠం సులువుగానే ఉంటుంది. మొదట శరీరభాగాల పేర్లు. తరువాత స్పర్శల మధ్య తేడా. ‘మంచి, చెడు’ కన్నా ‘సురక్షితం, అసురక్షితం’ అనడం మేలు. టీకా సూది నొప్పి పెట్టినా సురక్షితమే. చాక్లెట్ ఇచ్చి లాలించే చేయి హాయిగా తోచినా అసురక్షితం కావచ్చు. పైగా ‘చెడు’ అన్న మాట విన్న బిడ్డ తానే చెడ్డపని చేశానని కుమిలిపోవచ్చు.

ఆపైన ‘వద్దు’ అనడం, అక్కడి నుంచి వెళ్లిపోవడం, నమ్మకమైన పెద్దలకు చెప్పడం నేర్పుతారు. ఒకరు వినకపోతే మరొకరికి, వారూ వినకపోతే ఇంకొకరికి చెప్పాలి. పుట్టినరోజు కానుక వంటి రహస్యం నాలుగు రోజుల్లో బయటపడి అందరినీ సంతోషపెడుతుంది. ‘అమ్మకు చెబితే కొడతాను’ అని బెదిరించి దాచమన్న రహస్యాన్ని దాచకూడదు.

ఇటువంటి పాఠాలు పిల్లల అమాయకత్వాన్ని చెరుపుతాయని కొందరు తల్లిదండ్రులు సంకోచిస్తారు. నిప్పు కాలుతుందని, రోడ్డు దాటేటప్పుడు ఇరువైపులా చూడాలని చెప్పడం వంటిదే ఇదీ. పెద్దల మాట వినాలన్న బోధనకు ‘నీ శరీరం విషయంలో వద్దనే హక్కు నీకుంది’ అన్న మాటను జోడించాలి.

బాధ్యత పెద్దలదే

పాఠం నేర్చినంత మాత్రాన రక్షణ భారం బిడ్డపై పడదు. వద్దనలేకపోయినా, ఆలస్యంగా చెప్పినా తప్పు బిడ్డది కాదు. నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు గానీ ప్రత్యేక బాల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. అలా చేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తమ కింద పనిచేసేవారి నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యులకు ఏడాది వరకు జైలు, జరిమానా తప్పవు. పరువు పోతుందని బడి లోపలే సర్దుబాటు చేయడానికి వీల్లేదు.

బిడ్డ చెప్పినప్పుడు ప్రశ్నలతో ముంచెత్తకుండా, గదమాయించకుండా వినాలి. ‘చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు’ అనాలి. సాయానికి బాలల హెల్ప్‌లైన్ 1098కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు. ఈ రెండు నంబర్లను పిల్లల చేత కంఠస్థం చేయించడం ఏ ఇంట్లోనైనా ఈ రోజే చేయదగిన పని.