సీలు తప్పేం లేదు

కారు నిలిపిన చోట నేల మీద ఆయిల్ మరక కనబడితే షెడ్డులో వినిపించే మొదటి మాట, "సీలు పోయింది సార్." క్రాంకు వెనక సీలైతే గేర్‌బాక్సు దించాల్సిందే. సీలు ధర ఎంతో కాదు, దించి ఎక్కించే కూలీయే అసలు ఖర్చు. కొన్నాళ్లకు అదే చోట మళ్లీ మరక పడుతుంది. ఈసారి సీలు నాసిరకం అంటారు, డూప్లికేట్ అంటారు. చాలాసార్లు సీలు చేసిన నేరం ఏమీ ఉండదు. లోపల గాలి దారి లేక తోస్తుంటే ఎంత మంచి రబ్బరైనా ఎన్నాళ్లు ఆపుతుంది?

ఆ గాలి సిలిండర్లోంచి వస్తుంది. పెట్రోలు మండినప్పుడు పిస్టన్ నెత్తిన పదుల బార్ల ఒత్తిడి పడుతుంది. పిస్టన్ చుట్టూ రింగులు కాపలా ఉన్నా, వేడికి సాగేందుకు ప్రతి రింగుకూ చివరల మధ్య సన్నని సందు వదలక తప్పదు. ఆ సందుల్లోంచి కొంత వాయువు కిందికి, క్రాంకు తిరిగే గదిలోకి దిగుతుంది. కొత్త ఇంజనులోనూ దిగుతుంది. అందులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి, ఆమ్లాలు ఉంటాయి. బయటికి పంపకపోతే ఆయిల్ మడ్డిగా మారుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. 50 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న ట్యాపెట్ కవరు మీద బార్‌లో పదో వంతు ఒత్తిడి చాలు, 75 కిలోల బరువుతో పైకి తోసినట్టే.

పాతకాలపు కార్లలో దీనికి ఒక గొట్టమే విరుగుడు. ఇంజను పక్కనుంచి కిందికి దిగి, చివర ఏటవాలుగా కోసి ఉండేది. బండి పరిగెడుతుంటే కింద వీచే గాలి అందులోంచి వాయువును లాగేసేది. బండి ఆగితే లాగే దిక్కు లేదు. లాగినదంతా, నూనె తుంపరలతో సహా, ఊరి గాలిలోకీ రోడ్డు మీదికీ పోయేది. రెండో ప్రపంచ యుద్ధంలో నీళ్లలో దిగి నడవాల్సిన సైనిక వాహనాలకు ఈ తెరిచిన గొట్టం పనికిరాలేదు. వాయువును తిరిగి ఇంజను నోటికే అందించే మూసిన ఏర్పాటు వాటికి పెట్టారు. యుద్ధం ముగిశాక మామూలు కార్ల జోలికి ఆ ఏర్పాటు చాలాకాలం రాలేదు.

దాన్ని కార్లలోకి తెచ్చింది ఇంజను మీద ప్రేమ కాదు, లాస్ ఏంజెలస్ పొగ. 1943 జులైలో ఆ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మితే, జపాన్ విషవాయువు వదిలిందేమోనని జనం హడలిపోయారు. కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అనాసపండు వాసన మీద పని చేస్తున్న డచ్ రసాయనవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో చిక్కుముడి విప్పాడు. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని తేల్చాడు. ఇక కార్ల వైపు చూస్తే, వాటి హైడ్రోకార్బన్లలో సుమారు అయిదో వంతు సైలెన్సర్ నుంచి కాక ఆ తెరిచిన గొట్టం నుంచే వచ్చేది. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకు, 1963 మోడల్ నాటికి అమెరికా అంతటా ఆ వాయువును తిరిగి ఇంజనుకే పంపే పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వు వచ్చింది.

బొటనవేలంత వస్తువు; లోపల ఒక స్ప్రింగు, ఒక చిన్న పిన్ను. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డు పీల్పు బలంగా ఉంటుంది. పిన్ను పూర్తిగా అటు జరిగి దారిని సన్నం చేస్తుంది, లేకపోతే గాలి ఎక్కువై ఇంజను తడబడుతుంది. హైవే మీద పీల్పు తగ్గేకొద్దీ పిన్ను వెనక్కి జరిగి దారి వెడల్పవుతుంది. ఇంజను ఎదురు కొడితే టక్కున మూసుకుని మంటను క్రాంకు గదిలోకి రానివ్వదు. ఇంత తెలివైన పనికి ఇంత చవక వస్తువు ఇంజనులో మరొకటి లేదని నా అభిప్రాయం. చవక కాబట్టే ఎవరూ పట్టించుకోరు. మడ్డి పట్టి అది మూసుకుపోతే వాయువు తాజా గాలి వచ్చే గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ వైపు ఎదురెక్కుతుంది. ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే అనుమానించాల్సింది ముందు దీన్నే. తర్వాత ఆయిల్ గేజీ పుల్ల పైకి లేస్తుంది, ట్యాపెట్ ప్యాకింగు చెమరుస్తుంది, చివరికి సీళ్ల వంతు.

పాతరకం వాల్వును ఊడదీసి ఊపితే గలగలమనాలి. ఐడిల్‌లో, తాజా గాలి వచ్చే గొట్టాన్ని మూసి, ఆయిల్ పోసే మూతి మీద కాగితం పెడితే కాసేపటికి అది లోపలికి అతుక్కోవాలి. ఎగిరిపడితే ఒత్తిడి ఉన్నట్టే. వాల్వు, గొట్టాలు కొత్తవి వేశాక కూడా ఎగిరితే, మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. అప్పుడు సిలిండర్లకు కంప్రెషన్ గేజీ పెట్టాలి. తక్కువ చూపిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులో బోరో అరిగాయి. పెరగకపోతే సిలిండర్ వాల్వుల మీదికి, హెడ్ గ్యాస్కెట్ మీదికి చూపు మళ్లించాలి. టర్బో బండిలో ఇంకో చిక్కుంది. టర్బో ఆయిల్ తన బరువుతో కిందికి జారాలి. కింద ఒత్తిడి ఎదురైతే జారక పక్కలకు కారి నీలిపొగ వస్తుంది, పాపం టర్బో మార్చేస్తారు.

ఇప్పటి చాలా ఇంజన్లలో ఈ వాల్వు విడిగా ఉండదు, పల్చని రబ్బరు పొరగా ట్యాపెట్ కవరులోనే కలిసిపోయింది. ఆ పొర చిరిగితే రోగం తిరగబడుతుంది. ఒత్తిడి బదులు విపరీతమైన పీల్పు వస్తుంది, ఆయిల్ మూత తీయబోతే అతుక్కుపోయినట్టు రాదు, వెనక సీలు లోపలికి గాలి పీలుస్తూ ఈల వేస్తుంది. కొన్ని బళ్లకు ఆ పొర ఒక్కటే దొరకదు, కవరు మొత్తం కొనాల్సిందే. అయినా గేర్‌బాక్సు దించే ఖర్చుతో పోలిస్తే ముందు ఆ ఈల ఎక్కడిదో వెతకడమే లాభం.