రోడ్డు వెడల్పు, నడుము చుట్టుకొలత

హైటెక్ సిటీలో పెరుగుతున్న బొజ్జల సంగతి తేల్చాలంటే ముందు లింగంపల్లి దాటి రామచంద్రాపురం దాకా వెళ్లాలి. 2013లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. లక్నో, నాగపూర్, బెంగళూరు, హైదరాబాద్‌లలోని నాలుగు కర్మాగారాల ఉద్యోగులను, వాళ్ల కుటుంబీకులను, సొంతూళ్లలోనే ఉండిపోయిన తోబుట్టువులను కలిపి దాదాపు 3,900 మందిని పరిశీలించారు. మన దగ్గర ఎంచుకున్నది రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్. అడిగిన ప్రశ్నల్లో ఒకటి మరీ సాదాది: పనికి ఎలా వెళ్తారు? సొంత బండిమీదో కారులోనో వెళ్లేవాళ్లలో సగం మంది అధిక బరువుతో ఉన్నారు. బస్సో రైలో ఎక్కేవాళ్లలో 38 శాతం. నడిచో సైకిల్ తొక్కో వెళ్లేవాళ్లలో పావు వంతే.

నడిచేవాళ్లకు డబ్బు తక్కువ, అందుకే తిండీ తక్కువేమో అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. జీవన ప్రమాణాల తేడాను లెక్కలోకి తీసుకున్నా అంతరం పూర్తిగా పోలేదు. అలాగని నడకే కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ కొట్టిపారేయదగ్గ అంకెలు కావవి.

ఇప్పుడు గచ్చిబౌలికి వద్దాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందిది ఊబకాయం. 345 అన్నది చిన్న సంఖ్యే, లక్షల మందికి దాన్ని అంటగట్టకూడదు. అయినా ఉలిక్కిపడాల్సిన లెక్కే.

గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోతే తొడల్లో, పిక్కల్లో ఉన్న పెద్ద కండరాలకు పని ఉండదు. రక్తంలోని చక్కెరను, కొవ్వును అవి వాడుకోవడం తగ్గిపోతుంది. వాడకుండా మిగిలింది కొవ్వుగా మారి పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది. రాత్రి షిఫ్టు, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్లు దీనికి తోడు. వీటి గురించి డాక్టర్లు ఎటూ చెబుతూనే ఉన్నారు. రోడ్డు చేసే పని గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మెట్రో దిగి ఆఫీసుకు పావుగంట, సాయంత్రం తిరిగి స్టేషన్‌కు పావుగంట చురుగ్గా నడిస్తే రోజుకు అరగంట. ఐదు రోజులకు సరిగ్గా 150 నిమిషాలు! జిమ్ ఫీజు లేదు, తెల్లవారుజామున అలారం లేదు.

ఆ పావుగంట నడవనిస్తే కదా. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి చుట్టూ ఉన్నవి ఎక్కువగా బండరాళ్లే. తర్వాత ఎకరాలకు ఎకరాల క్యాంపస్‌లు లేచాయి. ఒక్కోదానికి ఒక్కో ప్రహరీ, దూరంగా ఓ గేటు. కిటికీలోంచి కనిపించే ఎదుటి భవనానికి వెళ్లాలన్నా గోడ పొడవునా చుట్టి రావాలి. మెట్రో హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గానికి అదే ఏడాది నవంబర్‌లో చేరింది. ఈలోగా నగరం కార్లకు అలవాటు పడిపోయింది.

ఆపైన ఫ్లైఓవర్లు: మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, శిల్పా లేఅవుట్, కొత్తగూడ. సిగ్నల్ లేకుండా దూసుకుపోవడం కారులో ఉన్నవాడికి వరం. కాలినడకన ఉన్నవాడికి రోడ్డు దాటే అవకాశం దొరికేదే ఆ ఎర్రలైటు వెలిగినప్పుడు! అది పోయాక మిగిలింది చెయ్యి అడ్డం పెట్టి పరుగెత్తడమే. ఫుట్‌పాత్ మీద నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, అది దాటితే వరసగా బైకులు. రోడ్డు మీదికి దిగితే వెనక హారన్. వారం తిరక్కుండా ఎంత ఉత్సాహవంతుడైనా షేర్ ఆటో ఎక్కేస్తాడు. అతన్ని బద్ధకస్తుడనడం అన్యాయం.

కారులో గడిపే సమయానికీ ఒంటి బరువుకీ సంబంధాన్ని మనవాళ్లు బాగా ఎరిగిన అట్లాంటాలోనే లెక్కగట్టారు. పదివేల మందికి పైగా ప్రజలను పరిశీలించి 2004లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, రోజూ కారులో ఒక గంట అదనంగా గడిపితే ఊబకాయం వచ్చే అవకాశం 6 శాతం ఎక్కువ. రోజుకో కిలోమీటరు అదనంగా నడిస్తే దాదాపు 5 శాతం తక్కువ. ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు కలగలిసి ఉన్న పేటల్లో ఊబకాయం తక్కువగా కనిపించింది. మన పాతబస్తీ, సికింద్రాబాద్ బజార్లు అలాంటివే. కోకాపేట టవర్లు అలాంటివి కావు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023లో తెరిచారు. చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే చాలామందికి అది సెలవునాటి వినోదం. కారుకు సైకిల్ కట్టుకుని వెళ్లి, తొక్కి, మళ్లీ కారులో ఇంటికి రావడం వ్యాయామమే గానీ ప్రయాణం కాదు.

ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. తర్వాతి ఫ్లైఓవర్‌కు టెండర్లు పిలిచేలోగా, ఐటీ కారిడార్‌లోని ప్రతి మెట్రో స్టేషన్ చుట్టూ కిలోమీటరు మేర ఆ 1.8 మీటర్లు ఖాళీ చేయించాలి. పాదచారుల సిగ్నళ్లు పెట్టాలి. క్యాంపస్‌లు స్టేషన్ వైపు మరో గేటు తెరవాలి. కాలనీ సంఘాలు, ఉద్యోగుల సంఘాలు ముందుగా అడగాల్సినవి ఈ మూడే.