మీకు తెలుసా? షేరు కొనేముందు కాగితాలు చెప్పే సంగతులు

• షేరు ధరను బట్టి కంపెనీ చవకో ఖరీదో చెప్పలేం. 2023 జూన్‌లో ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటింది. మన దేశంలో ఆ మార్కు దాటిన మొదటి షేరు అదే. ఆ కంపెనీ షేర్లు మొత్తం కలిపినా 42 లక్షల పైచిలుకే. తక్కువ ధర పలికే షేర్లు వేల కోట్లున్న కంపెనీలూ ఉన్నాయి. ధరను షేర్ల సంఖ్యతో గుణిస్తేనే అసలు వెల తెలిసేది.

• 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవన్నది అందులోని సారాంశం. అంతకుముందు సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్ల నిర్వహణ లాభం చూపారు. నిజంగా వచ్చింది 61 కోట్లు. మంచి కార్పొరేట్ పాలనకు ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు దక్కింది 2008లోనే! ఉత్తరం బయటికొచ్చిన రోజే షేరు విలువ మూడొంతులకు పైగా ఆవిరైంది. మన ఊరి కంపెనీ అన్న నమ్మకంతో పొదుపు డబ్బు పెట్టినవాళ్ల బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

• దొంగ లెక్కలు బయటివాళ్లకు కనిపించకపోవచ్చు. సత్యంలో ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపే కుటుంబం) వాటా మాత్రం అందరి కళ్లముందే తరిగింది. 2001లో పాతిక శాతం దాకా ఉన్నది 2008 నాటికి తొమ్మిది లోపుకు దిగింది. అదే ఏడాది డిసెంబరు 16న, రామలింగరాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. సొంత వాటా తగ్గించుకుంటూ, కంపెనీ సొమ్ముతో సొంతవాళ్ల కంపెనీలు కొనబోయిన యజమానిని అప్పుడే అనుమానించాల్సింది.

• ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెడితే వెల్లడించి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్ణయించింది కూడా సత్యం ఉత్తరం బయటికొచ్చిన 2009 జనవరిలోనే. ఇప్పుడు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ప్రతి మూడు నెలలకూ వచ్చే వాటాల పట్టికలో ఆ వివరం ఉచితంగా దొరుకుతుంది.

• సరుకు అమ్మి బిల్లు రాసిన రోజే, డబ్బు చేతికి రాకపోయినా, లాభం లెక్కకెక్కుతుంది. అందుకే నాలుగైదేళ్ల లాభాన్ని క్యాష్‌ఫ్లో స్టేట్‌మెంట్‌లోని నిర్వహణ నగదు పక్కన పెట్టి చూడాలి. లాభం ఏటా పెరుగుతూ, నగదు మాత్రం రాకుండా, రావలసిన బాకీలు పేరుకుపోతుంటే కారణం వెతకాలి.

• వార్షిక నివేదికను నేనైతే చివరి నుంచి చదవమంటాను. రంగుల ఫొటోలు, ఛైర్మన్ సందేశం ముందుంటాయి. కోర్టు కేసులు, పన్ను వివాదాలు, అనుబంధ కంపెనీల అప్పులకు ఇచ్చిన గ్యారంటీలు వెనక నోట్స్‌లో ఉంటాయి. ఆ గ్యారంటీల మొత్తం కంపెనీ ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో లెక్కవేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.