పలుచని సౌర పొరలలో వెలుతురును నిలుపుట

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి వైపు పోయిన రైతులు అచ్చటి అద్దాల మేడలను చూచియే యుందురు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు అట్టివి అనేకము లేచినవి. ఆ అద్దములలో పెక్కింటికి కంటికి ఆనని లోహపు పూత యుండును. ఎండ వేడిమిని బయటికే త్రిప్పి పంపుట దాని పని. సౌర పలక పని దీనికి సరిగా విరుద్ధము. పడిన వెలుతురును పోనీయక పట్టుకొనవలెను. సౌర పంపుసెట్టు పెట్టుకొన్నవారికి, పెట్టుకొనదలచినవారికి ఈ సంగతి తెలిసియుండుట లాభము.

పంపుసెట్లకు ఎక్కువగా వాడునవి సిలికాను బిళ్లల పలకలు. బిళ్ల మందము సుమారు 150 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఇంచుమించు ఏడవ వంతు. పలుచని పొర పలకలు వేరు. వీనిలో గాజుపై పరచిన పదార్థము ఒకటి మొదలు మూడు మైక్రానులే. అమార్ఫస్ సిలికాను పొర మైక్రానులో మూడవ వంతు మాత్రమే. పదార్థము తక్కువ పట్టును గాని, చిక్కును అచ్చటనే యున్నది.

చల్క నేలను తలచుకొనుడు. అడుగున రాయి, పైన జానెడు మట్టి, ఆపై నేల వాలు. వాన ఎంత పడినను ఇంకక పారిపోవును. లోతైన నల్లరేగడిలో అదే వాన ఇంకి నిలుచును. వెలుతురు సంగతియు నంతే. నీలి కాంతి సిలికానులో అర మైక్రాను లోతుననే చాలవరకు ఇంకిపోవును. ఎరుపు దాటిన కాంతికి పది మైక్రానులైనను చాలవు. పలుచని పొరలో అది ఒక వైపున దూరి వేరొక వైపున వెడలిపోవును.

వాలు నేలకు మనము అడ్డముగా కాంటూరు గట్లు వేయుదుము. మట్టి పెరుగలేదు, నీరు నిలుచు సమయము, నడచు దారి పెరిగినవి. శాస్త్రజ్ఞులు పొరలోను అదే చేయుదురు. సిలికానుకు ఆనుకొని యుండు జింకు ఆక్సైడు పొరను నున్నగా నుంచక, నీళ్లు కలిపిన హైడ్రోక్లోరికామ్లముతో తినిపించి సన్నని గుంటలు, మిట్టలు లేపుదురు. వీని పరిమాణము కొన్ని వందల నానోమీటర్లు (వేయి నానోమీటర్లు ఒక మైక్రాను). వెలుతురు అలల పొడవును ఇంచుమించు అంతయే. అందుచే అది తిన్నగా పోక చెదరి, ఏటవాలుగా నడచి, అడుగునున్న వెండి పొరకు తగిలి వెనుకకు వచ్చి, పై అంచున మరల లోనికే మరలును. సిలికానులో ఈ దారిని సుమారు 50 రెట్ల వరకు పెంచుట సాధ్యమని 1982లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలి యాబ్లోనోవిచ్ లెక్కకట్టి చూపెను.

గట్లు మితిమీరినచో సాగుభూమి తగ్గును. ఇచ్చటను గరుకుతనము ఎక్కువైనచో పుట్టిన విద్యుదావేశములు ఆ అంచులలోనే చిక్కి నశించును. వెండి రేణువులు అమర్చు పద్ధతియు కలదు గాని, అవి కొంత వెలుతురును తామే మ్రింగి వేడిగా మార్చును. ప్రయోగశాలలో మెరుగైనదంతయు పొలమునకు రాలేదు. నేడు అంగడిలో దొరకు పలుచని పొర పలకలలో ఎక్కువ భాగము కాడ్మియం టెల్యూరైడువి. ఆ పదార్థము రెండు మూడు మైక్రానులలోనే తనకు పనికివచ్చు వెలుతురును దాదాపు అంతయు పీల్చును గనుక, దానికి ఈ ఏర్పాటు అంతగా అవసరము లేదు. కావున "నానో పలక" రెట్టింపు కరెంటు నిచ్చునని చెప్పువారికి బయానా ఇయ్యరాదు. పలక వెనుక వ్రాసిన వాట్లను చూడుడు. ఐదు హార్సుపవరు మోటారుకు వలసిన వాట్లు ఏ రకమైనను ఇంచుమించు ఒక్కటే. తేడా ముఖ్యముగా పలకలు ఆక్రమించు స్థలములో నుండును.

హైదరాబాదు శివారున బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనా సంస్థ రాగి, ఇండియము, గాలియము, సెలీనియము కలిపిన పలుచని పొరల మీదను, గాజుపై వెలుతురు తిరిగి మెరయకుండ చేయు పూతల మీదను పనిచేసినది. ఈ పూతలతో రైతునకు నేరుగా సంబంధము కలదు. పూతలేని గాజు పైముఖము నూటికి నాలుగు పాళ్ల వెలుతురును త్రిప్పివేయును. నేటి పలకలలో పెక్కింటికి సూక్ష్మ రంధ్రములు గల సిలికా పూత వేసి అందులో చాల భాగమును దక్కించుచున్నారు. దాని మందము 100 మొదలు 150 నానోమీటర్లే.

బూడిద, ఇసుక, కొబ్బరిపీచు పెట్టి గిన్నెలు తోమినట్లు తోమినచో ఆ పూత అరిగిపోవును, మరల రాదు. తెల్లవారుజామున గాజు చల్లగా నున్నప్పుడు ముందు నీటితో దుమ్ము జార్చి, తరువాత మెత్తని గుడ్డతో తుడువవలెను. మిట్టమధ్యాహ్నము కాలిన గాజుపై చన్నీరు పోసినచో పగులవచ్చును. బోరు నీటిలో ఉప్పు, సున్నము ఎక్కువగా నున్నచోట తెల్లని మరకలు కట్టును. అట్టివారు వాన నీటిని ఒక డ్రమ్ములో పట్టి యుంచుకొని దానితో కడుగుట మేలు.