తేనెటీగలును మన బేరసారములును

సికిందరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో తెల్లవారుజామున బండ్లు దిగునప్పుడు నిలిచి చూచినచో, దోసకాయల రాశినుండి వంకర తిరిగినవియు, ఒక కొన సన్నగిల్లినవియు పక్కకు తీసివేయబడుట కనబడును. వానిని సగము ధరకైనను అడుగువారుండరు. కర్షకుడు విత్తనమునో, ఎరువునో నిందించుకొని యింటికి పోవును. నీటి యెద్దడియు ఇందుకు కారణము కావచ్చును. కాని పలుమారులు లోపము పూవునందే యుండును. దోస, కాకర, గుమ్మడి, పుచ్చ మున్నగు తీగలలో సాధారణముగా మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఒకదాని పుప్పొడి మరొకదానికి చేరవలెనన్న తేనెటీగ వంటి పురుగు రావలయును. అది తగినన్ని మారులు రానిచో గింజ సరిగా కట్టదు. గింజ కట్టనిచోట కాయ పెరుగదు.

తేనెటీగల రక్షణ తీరికగలవారి వేడుక యని కొందరు తలతురు. మేమట్లు తలపము. ఇది బేరమునకు సంబంధించిన సంగతి. కొనువాడు దేనికి ధర యిచ్చునో దానినే వర్తకుడు కోరును. వర్తకుడు కోరినదానినే కర్షకుడు పండించును. కావున తేనెటీగ బ్రతుకు పొలమునందు ఎంత యున్నదో, అంగడియందును అంతే యున్నది.

మొదట తేనె మాటయే చెప్పుకొందము. మన దేశమున కొండచరియలకును పెద్ద చెట్లకును పెర పెట్టు పెద్ద తేనెటీగ, పుట్టలలోను చెట్టుతొర్రలలోను కాపురముండు పుట్టతేనెటీగ, పొదలలో చిన్న పెర పెట్టు చిన్న తేనెటీగ ప్రసిద్ధములు. పెట్టెలలో పెంచుటకు ఐరోపా జాతియు తేబడినది. 1991, 1992 సంవత్సరములలో ఒక వైరస్ తెగులు సోకి దక్షిణదేశమందలి పుట్టతేనెటీగల పెంపకము మిక్కిలి దెబ్బతిన్నది. అట్టి దెబ్బలకు తోడు ధర దెబ్బయు కలదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు 13 రకముల సీసా తేనెలను పరీక్షింపజేయగా, అన్ని పరీక్షలకును నిలిచినవి 3 మాత్రమే యని ప్రకటించిరి. పలు కంపెనీలు ఈ ఫలితములను అంగీకరింపలేదు. అయినను పాఠము స్పష్టము: చక్కెర పాకముతో పోటీపడి తేనె నమ్మవలసివచ్చినవాడు పెట్టెలను విడిచిపెట్టును. మిక్కిలి చౌకగా దొరకిన తేనె తేనెటీగకు మేలు చేయదు.

అడవి తేనె సంగతియు నిట్టిదే. పెద్ద తేనెటీగ తన పెరలో తేనెను కొమ్మకు చేరువగా పైభాగమున దాచును. పిల్లలుండు భాగము వేరు. తేనె భాగమును మాత్రము కోసి, పిల్లల భాగమును విడిచినచో ఆ గుంపు బ్రతుకును. మొత్తము పెరను కాల్చి పిండినచో నశించును. విశాఖపట్టణమున 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ గిరిజనులయొద్ద తేనె కొని పట్టణములకు చేర్చినది. గిరిజనులకు ఇట్టి జాగ్రత్తకోతను నేర్పిన సంస్థలలో అచటి కోవెల్ ఫౌండేషన్ ఒకటి. జాగ్రత్తగా కోసిన తేనెకు ఒక రూపాయి హెచ్చుగా ఇచ్చు వర్తకుడున్నగాని, చెట్టెక్కువానికి ఆ జాగ్రత్త గిట్టుబాటు కాదు.

ఇక పురుగుమందుల సంగతి. ఇందు మనకు దూరదేశపు దృష్టాంతములు వెదకవలసిన పని లేదు. పాల్వంచ ప్రాంతపు పునుకుల గ్రామస్థులు ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో పత్తి చేలకు విషపు మందులు మాని, వేపగింజల కషాయము మొదలగువానితో నెగ్గుకొచ్చిరి. జనగామ ప్రాంతపు ఏనెబావి గ్రామము 2006లో రసాయనములు లేని గ్రామముగా పేరొందినది. ఇట్టి గ్రామముల కృషికి తోడ్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రము మన సికిందరాబాదు తార్నాకయందే కలదు. రైతుల సంఘములను జతపరచి, వారి పంటను ‘సహజ ఆహారం’ అను పేర పట్టణవాసులకు చేర్చు ప్రయత్నమును ఆ కేంద్రము చేసినది. ఆ గ్రామస్థులు మందులు మానినది తేనెటీగల కొరకు గాదు, అప్పుల బాధచేతను ఆరోగ్యము కొరకును. అయినను విషము చల్లని పొలమున మేలు పొందువారిలో తేనెటీగ మొదటిది. ఆ పంటకు పట్టణమున గిరాకి లేనిచో, ఆ నియమము ఎన్ని ఏండ్లు నిలుచును?

పట్టణవాసులు ప్రత్యక్షముగా చేయు హానియు నొకటి కలదు. మా కార్యాలయమునకు సమీపముననున్న ఒక అపార్టుమెంటు భవనమున, గత వేసవిలో నీళ్లట్యాంకు క్రింద పెద్ద పెర పట్టినది. భవన సంఘమువారు మందుకొట్టువానిని పిలిపించి రాత్రికి రాత్రి దానిని చంపించిరి. ఉదయమున మెట్లపై చీపురుతో ఊడ్చి పోసిన కుప్పను మేము చూచితిమి. పిల్లలున్నచోట భయము సహజమే. ఈ జాతి గుంపుగా కుట్టినచో ప్రాణాపాయము. కాని ఇవి వలసపోవు ఈగలు. పూల కాలము తీరినంతట తమంత తామే లేచిపోవును. ఆ భాగమునకు రాకపోకలు మాన్పి కొన్నాళ్లు ఓర్చుకొనవచ్చును. తప్పనిసరియైనచో చంపక తరలించు పనివానినే పిలువవలయును. పిలుచువారు అట్లు నియమము పెట్టినగాని ఆ వృత్తివారు మారరు.

కావున మేము చదువరులకు విన్నవించునది యిది. కర్షకులు పూత సమయమున మందు కొట్టకుందురుగాక. తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన పిమ్మట కొట్టవలయును. బీర వంటివాని పూలు సాయంకాలము విచ్చును గావున, ఏ పంటకు ఏ వేళ యన్నది కనిపెట్టి మెలగవలయును. డబ్బాపై తేనెటీగలను గూర్చి వ్రాసిన హెచ్చరికను చదువక మందు కొనరాదు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అను మూడు మందులను ఆరుబయలు పొలములలో వాడుటను ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినదని గుర్తుంచుకొనవలయును. గట్లపై కానుగ, నేరేడు, చింత చెట్లను నిలుపుకొనవలయును. తేనెటీగల పెంపకము నేర్వగోరువారు రాజేంద్రనగరమందలి జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థను విచారింపవచ్చును.

వర్తకులు తేనె ఎచటినుండి, ఎవరియొద్ద కొన్నారో సీసాపై వ్రాయుదురుగాక. కొనువారు ఆ వ్రాతను అడిగి చదువుదురుగాక. పేరుకొన్న తేనె కల్తీ యని త్రోసివేయరాదు. మంచి తేనెయు పేరుకొనును. నీటి గ్లాసుతోను అగ్గిపుల్లతోను చేయు పరీక్షలు నమ్మదగినవి కావు. నమ్మదగినది ఎరిగినవారి మాట, అందుకు తగిన ధర.

సహకార సంఘమునకు ఇందు ఒక సౌకర్యము కలదు. అమ్మువాడును కొనువాడును ఒక్క కప్పుక్రింద కూర్చుండగల చోటు అదియే. పూతవేళ మందు కొట్టని సభ్యుల కూరగాయలను వేరుగా తూచి, వేరుగా అమ్మి, ఆ హెచ్చు ధరను వారికే చేర్చుట మన చేతిలోని పని. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుచున్నాము. సభ్యులు తమ పొలమున ఈ యేడు తేనెటీగలు ఎట్లు వచ్చినవో, కాయ ఎట్లు కట్టినదో చూచుకొని వచ్చి చెప్పవలసినదిగా ప్రార్థించుచున్నాము.