ప్లగిన్ వదిలి ప్రోగ్రామ్ పట్టాలా?

సొంతంగా వెబ్‌సైట్లు కట్టిచ్చేవాళ్లను ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న: బ్రౌజర్‌లో కనబడే భాగాన్ని ప్రోగ్రామ్‌గా రాసే ఫ్రంట్ ఎండ్ ఉద్యోగం వైపు వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా?

చీరల కొట్టు, పళ్ల డాక్టరు, ఫంక్షన్ హాలు, ఇంటర్ కాలేజీ. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంట్లో ఓ మూల ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫ్రీలాన్స్‌గా సైట్లు చేసే మనిషి ఖాతాదారులు దాదాపు వీళ్లే. పని కూడా చెయ్యి తిరిగినదే. డొమైన్, హోస్టింగ్ తీసుకోవడం, వర్డ్‌ప్రెస్ ఎక్కించడం, ఓ థీమ్ వేసి ఎలిమెంటర్ అనే పేజీ బిల్డర్‌లో పేజీలు పేర్చడం. వారంలో తేలాల్సింది నెలలు సాగుతుంది. ‘మా గురించి’ పేజీలో ఏం రాయాలో యజమాని చెప్పరు. ఫొటోలు వాట్సాప్‌లో నలిగి, మసకబారి వస్తాయి. అంతా అయ్యాక ‘బాబూ, లోగో ఇంకాస్త పెద్దది చెయ్యి’ అంటారు. మిగతా సగం డబ్బు సంగతి ఎత్తితే ‘సోమవారం చూద్దాంలే’.

అలాగే బతుకు వెళ్లిపోయింది ఇన్నాళ్లూ. ఇప్పుడా సోమవారాల బేరం కూడా తగ్గుతోంది. చిన్న కొట్టుకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో పేరు, వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక ఉంటే బేరం నడిచిపోతోంది. సైటే కావాలనుకున్నవాళ్ల ముందు, ఎవరి పేజీలు వాళ్లే పేర్చుకునే విక్స్ ఎప్పట్నుంచో ఉంది. నాలుగు వాక్యాల్లో చెబితే పేజీలు కట్టిచ్చే ఏఐ సాధనాలు దానికి తోడయ్యాయి. దాంతో ‘ఫ్రంట్ ఎండ్ డెవలపర్’ అనే మాట దూరం నుంచి మెరుస్తోంది. నెల జీతం, పీఎఫ్, లోగో సైజు గురించి ఫోన్లు రాని రాత్రులు.

ఫ్రంట్ ఎండ్‌కు పునాది అయిన జావాస్క్రిప్ట్ నేర్చుకోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. ఫ్రీలాన్సింగ్ మానేయాలా అన్నది వేరే లెక్క. ఈ రెంటినీ కలిపి ముడేసుకోవడం వల్లే తికమక.

వర్డ్‌ప్రెస్ మనుషులకు ఈ సలహా కొత్తది కాదు. 2003లో మైక్ లిటిల్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టిన మ్యాట్ ముల్లెన్‌వెగ్, 2015లో ఫిలడెల్ఫియా సభలో తనవాళ్లకు అప్పజెప్పిన హోంవర్కే ఇది: జావాస్క్రిప్ట్‌ను లోతుగా నేర్చుకోండి. మూడేళ్లకు వచ్చిన గూటెన్‌బర్గ్ ఎడిటర్‌ను రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతోనే కట్టారు. అంటే ఇల్లు కదలకుండా కూర్చున్నవాళ్ల గుమ్మంలోకి కూడా ప్రోగ్రామింగ్ నడిచొచ్చింది.

ధరల వరస చెప్పే సంగతి

పేజీలు పేర్చడానికీ ప్రోగ్రామ్ రాయడానికీ తేడా ఒక చిన్న పని దగ్గర బయటపడుతుంది. చీరల్ని తక్కువ ధర నుంచి ఎక్కువకు వరసగా చూపించాలి. జావాస్క్రిప్ట్‌లో దానికి సార్ట్ ఉంది. 900, 250, 1000 అని మూడు ధరలిచ్చి ఉత్త సార్ట్ కొట్టండి. వచ్చే వరస: 1000, 250, 900. వెయ్యి రూపాయల చీర రెండొందల యాభై దానికన్నా ముందు కూర్చుంటుంది. కంప్యూటర్ చెడిపోలేదు. వేరేగా చెప్పకపోతే సార్ట్ సంఖ్యల్ని కూడా మాటలుగానే చూస్తుంది, నిఘంటువులో పేర్చినట్టు మొదటి అంకెతో మొదలుపెట్టి పోలుస్తుంది. ఒకటి రెండుకు ముందు, రెండు తొమ్మిదికి ముందు. ఒక ధరలోంచి ఇంకో ధర తీసేసి చూడమని ఒక్క వరస ఫంక్షన్ ఇస్తే దారికొస్తుంది.

ఇలాంటిది ఎదురైనప్పుడు ఇంకో ప్లగిన్ కోసం చెయ్యి పోతుందా, ‘ఇదెందుకిలా చేసింది’ అని కుర్చీ దగ్గరికి లాక్కుంటారా? ఉద్యోగం మారాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఫ్రంట్ ఎండ్ పనిలో రోజులో సగం ఆ కుర్చీలోనే గడుస్తుంది. ఖాతాదారులతో మాట్లాడటం, వాళ్ల మనసులో ఏముందో కనిపెట్టడం ఇష్టమై, ఈ తవ్వకం చిరాకనిపించేవాళ్లు ఉద్యోగంలో చేరితే రెండు నెలలకే ఉక్కిరిబిక్కిరవుతారు. ఖాతాదారుడి ఫోన్ చూస్తేనే గుండె జారే మనిషికి మాత్రం ఆ మార్పు మేలే.

దాని తరవాతి మెట్టు ‘స్టేట్’, అంటే ఆ క్షణాన పేజీకి గుర్తుండాల్సిన సంగతులు. కొనేవాళ్లు ఎరుపు రంగు ఎంచుకున్నారు, వెయ్యి లోపు అన్నారు, రెండు చీరలు కార్ట్‌లో వేసి ఒకటి తీసేశారు. పైమూల అంకె, కింద మొత్తం, మధ్యలో చీరల వరస అన్నీ ఒకే నిజం చెప్పాలి. ఒక్కోదాన్నీ విడివిడిగా మార్చుకుంటూ పోతే ఎక్కడో పాత అంకె మిగిలిపోతుంది. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఈ తలనొప్పికి మందు. తలనొప్పి తెలియకుండా మందు మింగితే ఏం అర్థమవుతుంది? అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద రియాక్ట్ అనే మాట ఎంత పెద్దగా ఉన్నా సరే, ముందు ఆ కార్ట్‌ను ఉత్త జావాస్క్రిప్ట్‌తో ఒకసారి రాసి చూడండి.

ముందు ఉత్త జావాస్క్రిప్టే నేర్చుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2010లో గూగుల్ తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌కు 2021 చివరితో మద్దతు ఆగిపోయింది. జేక్వెరీ అనే లైబ్రరీ ఒకప్పుడు రాజు, ఇప్పుడు పాత సైట్ల మరమ్మతులోనే ఎక్కువ కనిపిస్తుంది. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ మాత్రం అన్ని బ్రౌజర్లలోనూ అలాగే ఉంది.

గుంపులో నిలబడటం

కొత్తవాళ్ల ఉద్యోగాల దగ్గర గుంపు ఎక్కువ. ఇంజినీరింగ్ పూర్తిచేసిన ప్రతి బ్యాచ్‌లోనూ రియాక్ట్ తెలిసినవాళ్లు దండిగానే వస్తున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మామూలు ఫారమూ బటనూ రాసిపెట్టడానికి మనిషి ఎందుకన్న ప్రశ్న కూడా లేచింది. అది రాసింది నెమ్మదైన ఫోన్లో, స్క్రీన్ రీడర్‌తో చదువుకునే మనిషి దగ్గర పనిచేస్తుందా అని చూడటం ఇంకా మన నెత్తినే ఉంది.

అక్కడ పాతకాపుకు కాస్త పైచెయ్యి ఉంది. సైటు ఎందుకు ఆలస్యంగా తెరుచుకుంటోందో, ఒక ప్లగిన్ అప్‌డేట్ పేజీ మొత్తాన్ని ఎలా తెల్లబరుస్తుందో వాళ్లు కళ్లారా చూశారు. పేజీలో ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పేజీ బిల్డర్‌తో పేర్చిన బరువైన సైట్లు చాలాసార్లు అక్కడే తడబడతాయి. దాన్ని తేలిక చేయగలిగితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తుంది, పాత ఖాతాదారు దగ్గర బిల్లు వేయడానికీ పనికొస్తుంది.

తెలుగు సైట్లలో ఇంకో పని మిగిలి ఉంది. ఇంగ్లిష్ థీమ్‌లలో వరసల మధ్య ఎత్తు తక్కువ పెడతారు. అందులో మన అక్షరాలు పోస్తే బటన్ అంచు దగ్గర ఒత్తులు తెగిపోతాయి, గుడులు పై వరసను తాకుతాయి. సీఎస్ఎస్‌లో లైన్ హైట్ కాస్త పెంచితే సరిపోయే జబ్బు ఇది. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫ్రంట్ ఎండ్ అంటే జావాస్క్రిప్ట్ ఒక్కటే అనుకునేవాళ్ల కంటికి అసలే కనబడదు.

ఇల్లు గడవాల్సినవాళ్లు ఒక్కసారిగా పని మానేసి చదువుకు కూర్చోవడం నేను ఒప్పుకోను. సాలుకోసారి డబ్బొచ్చే మెయింటెనెన్స్ ఖాతాలు నాలుగు ఉంచుకుని, కొత్త చిన్న సైట్లు ఒప్పుకోవడం తగ్గించి, ఆ ఖాళీలో నేర్చుకోవడం మేలు. నేర్చుకున్న ప్రతిదాన్నీ ఖాతాదారుల మీద ప్రయోగించకండి. పళ్ల డాక్టరుకు ఐదు పేజీల సైటు రియాక్ట్‌లో కట్టిస్తే, రేపు మీరు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక క్లినిక్ వేళలు మార్చడానికి ఆయనకు మనిషి దొరకడు. వర్డ్‌ప్రెస్ అయితే పక్కవీధిలోనే దొరుకుతాడు.

చేరే ముందు ఇంకో పని. అప్పట్లో తొందరలో చాలా డొమైన్లు మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొని ఉంటారు. వాటిని యజమానుల పేరుకు మార్చి, పాస్‌వర్డ్‌లు, హోస్టింగ్ రెన్యువల్ తేదీలు ఒక కాగితం మీద రాసివ్వండి. మిగిలిన సగం డబ్బు అడగడానికి అదే అదను కూడా.